అమెరికా ఆస్బెస్టాస్ ట్రస్టుల నుంచి పరిహారం: తరచుగా అడిగే ప్రశ్నలు

మన పాఠ్యపుస్తకాల్లో రాతినార అని చదువుకున్న ఆస్బెస్టాస్, పీల్చిన మనిషి ఊపిరితిత్తుల్లో దశాబ్దాల పాటు చప్పుడు లేకుండా ఉండి, ఉద్యోగ విరమణ తర్వాత బయటపడే పదార్థం. అమెరికాలోని ఓడల నిర్మాణ కేంద్రాల్లో, రిఫైనరీల్లో, విద్యుత్ కేంద్రాల్లో, భవన నిర్మాణంలో పనిచేసి ఇప్పుడు జబ్బుపడినవారి కుటుంబాలకు ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఇవి విషయం అర్థమయ్యేందుకు రాసినవే కాని, మీ కాగితాలు చూసి న్యాయవాది చెప్పే మాటకు బదులు కావు.

ఆస్బెస్టాస్ ట్రస్టు అంటే ఏమిటి? ఇది ప్రభుత్వ పథకమా?

కాదు. ఆస్బెస్టాస్ సరుకులు తయారుచేసి అమ్మిన కంపెనీలు, జబ్బుపడినవారు వేసిన దావాల భారం మోయలేక దివాలా కోర్టుకు వెళ్లినప్పుడు, ఆ కంపెనీల ఆస్తులతోను, బీమా సొమ్ముతోను, వాటాలతోను విడిగా ఏర్పాటైన నిధులే ఈ ట్రస్టులు.

టెక్సాస్‌లో ఇన్సులేషన్ పని చేసిన క్లారెన్స్ బోరెల్ కేసులో 1973లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ చరిత్ర మొదలవుతుంది. సరుకులోని ప్రమాదం గురించి పనివాళ్లను హెచ్చరించకపోతే దానికి తయారీదారులే బాధ్యులని ఆ కోర్టు తేల్చింది. ఆ తీర్పు వినడానికి బోరెల్ బతికి లేడు. ఆ తర్వాత దావాలు వేల సంఖ్యలో వచ్చిపడ్డాయి. ఆ రంగంలో అతి పెద్ద కంపెనీ అయిన జాన్స్-మాన్‌విల్ 1982 ఆగస్టులో దివాలా రక్షణ కోరింది. 1988లో దాని ట్రస్టు ఏర్పడింది. ఆ పద్ధతినే 1994లో అమెరికా దివాలా చట్టంలో 524(జి) సెక్షనుగా చేర్చారు. దాని సారాంశం ఇది: కంపెనీ మీద వేయదగిన ఆస్బెస్టాస్ దావాలన్నీ ఇకపై ట్రస్టుకే మళ్లాలి, ప్రణాళికకు ఓటు వేసిన బాధితుల్లో కనీసం 75 శాతం మంది ఒప్పుకోవాలి, ఇంకా జబ్బు బయటపడని, రేపు బయటపడబోయే వారి తరఫున కూడా ఒక ప్రతినిధి ఉండాలి. నా దృష్టిలో ఆ చట్టం చేసిన మంచి పనుల్లో చివరిదే గొప్పది, ఎందుకంటే ఈ జబ్బుకు గురైనవారిలో చాలామంది తాము బాధితులమని తెలియకుండానే 20 నుంచి 50 ఏళ్లు గడుపుతారు.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ డబ్బు మిగిలి ఉంటుందా?

అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2011లో ఇచ్చిన నివేదిక ప్రకారం అప్పటికి 60 ట్రస్టులు ఏర్పడి ఉన్నాయి. 2010 వరకు అవి దాదాపు 33 లక్షల క్లెయిములకు సుమారు 1,750 కోట్ల డాలర్లు చెల్లించాయి. రేపటి బాధితులకు కూడా మిగలాలి కాబట్టి ప్రతి ట్రస్టూ ఒక ‘చెల్లింపు శాతం’ పెట్టుకుంటుంది. క్లెయిము విలువను ఎంతగా నిర్ణయించినా చేతికిచ్చేది అందులో ఆ శాతం మాత్రమే. మాన్‌విల్ ట్రస్టు మొదట్లో పూర్తి మొత్తం ఇచ్చి, నిధి తరిగిపోవడంతో 1995లో 10 శాతానికి, 2001లో 5 శాతానికి దిగింది. ఆ తర్వాత కొంత పెంచి, మళ్లీ తగ్గించింది. ట్రస్టు ఉన్నంత మాత్రాన మొత్తం పరిహారం ఉంటుందని అనుకుని ఇల్లు కుదువపెట్టిన కుటుంబానికి ఈ సంగతి ఆలస్యంగా తెలిస్తే కలిగే బాధ చిన్నది కాదు. అందుకే దీన్ని ముందే చెబుతున్నాను.

ఏ పనులు చేసినవారికి అర్హత ఉండవచ్చు?

ఆవిరి గొట్టాలకు, బాయిలర్లకు ఇన్సులేషన్ తొడిగినవారు, పైపు ఫిట్టర్లు, బాయిలర్ పనివారు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, ఓడల ఇంజను గదుల్లో పనిచేసిన నావికులు, గోడలకు జిప్సం బోర్డు అతుకులు నున్నగా చేసినవారు, బ్రేకులు మార్చిన మెకానిక్కులు, ఇనుము, గాజు, అల్యూమినియం కర్మాగారాల్లో కొలిమి దగ్గర నిలబడినవారు. జాబితా ఇంకా పొడవుగానే ఉంటుంది, కానీ పని పేరు కంటే పని జరిగిన తీరు ముఖ్యం.

ఆ తీరు ఎలా ఉండేదో ఒక్కసారి దగ్గరగా చూడండి. గొట్టానికి తొడిగే ఇన్సులేషన్ రెండు అరగొట్టాల ముక్కలుగా వచ్చేది. వంపు దగ్గర సరిపోకపోతే మామూలు చేతిరంపంతో కోసేవారు. కోసినప్పుడు రాలిన తెల్లటి పొడి మోచేతుల మీద, కాఫీ కప్పులో, పక్కనే నిచ్చెన మీద తీగలు లాగుతున్న ఎలక్ట్రీషియన్ జుట్టులో పడేది. ముక్కల సందులు పూడ్చే మట్టి లాంటి పొడిని గోనెసంచీ చించి బకెట్‌లో గుమ్మరించి, నీళ్లు పోసి చేత్తో కలిపేవారు. గొట్టాల అతుకుల మధ్య ఉండే పాత గాస్కెట్ ఊడదీయాలంటే వైరు బ్రష్షుతో రుద్దడమే దారి. ఇన్సులేషన్‌ను చేత్తో ముట్టుకోనివారు కూడా ఆ గదిలో గాలి పీల్చారు కాబట్టి, ‘నేను ఆ పని చేయలేదు’ అని పక్కవారు తమను తాము లెక్కలోంచి తీసేసుకోకూడదు.

ఒక తేదీ గుర్తుంచుకోవాలి. చాలా ట్రస్టులు తమ కంపెనీ సరుకుతో సంబంధం 1982 డిసెంబరు 31కి ముందు ఏర్పడి ఉండాలని కోరతాయి. 1965 వలస చట్టం తర్వాత అమెరికా చేరి రిఫైనరీల్లో, విద్యుత్ కేంద్రాల్లో ఇంజనీర్లుగా ప్లాంటు తిరిగిన మొదటి తరం తెలుగువారికి ఈ షరతు వర్తించే అవకాశం ఉంది. ఆఫీసు ఉద్యోగమే అనుకుని వారు అడగకుండా ఉండిపోతారు.

నేను ఏ ఫ్యాక్టరీలోనూ పని చేయలేదు, మా వారి బట్టలు ఉతికానంతే. నాకు హక్కు ఉందా?

ఉంది. ఉతికే ముందు దులిపిన చొక్కాలోంచి వచ్చిన పొడే మీసోథీలియోమా అనే క్యాన్సర్‌కు కారణమైన ఇల్లాళ్ల కేసులు అమెరికా కోర్టుల్లో ఎన్నో నడిచాయి. ట్రస్టులు దీన్ని పరోక్ష సంపర్కంగా పరిగణిస్తాయి. భర్త ఎక్కడ, ఏ సరుకు మధ్య పనిచేశారో రుజువు చేయాలి.

ఏ జబ్బులకు పరిహారం ఇస్తారు? ఎలాంటి వైద్య ఆధారాలు కావాలి?

చాలా ట్రస్టులు జబ్బులను మెట్లుగా విభజించాయి. అన్నిటికంటే పై మెట్టు మీసోథీలియోమా, అంటే ఊపిరితిత్తుల మీద లేదా కడుపు లోపలి గోడ మీద ఉండే పలుచని పొరకు వచ్చే క్యాన్సర్. దాని కింద ఊపిరితిత్తుల క్యాన్సర్, స్వరపేటిక, పెద్దపేగు లాంటి ఇతర క్యాన్సర్లు, తీవ్రమైన ఆస్బెస్టోసిస్ (ఆస్బెస్టాస్ పొడి వల్ల ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు), సాధారణ ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల పొర దళసరి కావడం వంటివి వస్తాయి.

మీసోథీలియోమాకు బయాప్సీ ఆధారంగా ఇచ్చిన పాథాలజీ రిపోర్టు ప్రాణం లాంటిది. ఆస్బెస్టోసిస్‌కు ఛాతీ ఎక్స్‌రేను ప్రత్యేక ధ్రువీకరణ పొందిన వైద్యుడు అంతర్జాతీయ కార్మిక సంస్థ కొలమానంలో చదివి ఇచ్చిన అంకె, ఊపిరి పరీక్షల ఫలితాలు కావాలి. వీటితో పాటు, మొదటిసారి ఆస్బెస్టాస్ తగిలిన నాటికి, జబ్బు నిర్ధారణ అయిన నాటికి మధ్య కనీసం 10 ఏళ్లు గడిచాయని వైద్యుడు రాయాలి. డాక్టరుగారు మంచివారే అయినా ‘ఆస్బెస్టాస్ వల్ల’ అన్న మాట రిపోర్టులో లేకపోతే క్లెయిము తిరిగి వస్తుంది. ఆ వాక్యం కోసం మొహమాటపడకుండా అడగాలి.

ఆయన సిగరెట్లు కాల్చేవారు. అయినా క్లెయిము వేయవచ్చా?

వేయవచ్చు. మీసోథీలియోమాకు పొగతో సంబంధమే లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో పొగ, ఆస్బెస్టాస్ రెండూ కలిస్తే ముప్పు ఎన్నో రెట్లవుతుందని ఇన్సులేషన్ పనివారి మీద ఇర్వింగ్ సెలికాఫ్ 1960ల్లో చేసిన అధ్యయనాలు చూపించాయి. పొగ అలవాటు వల్ల విలువ తగ్గవచ్చు కాని, హక్కు పోదు.

40 ఏళ్ల కిందటి పని. ఏ కంపెనీ సరుకో ఇప్పుడెలా చెప్పగలం?

మొత్తం వ్యవహారంలో బరువంతా ఈ ప్రశ్న మీదే ఉంది. జబ్బును రుజువు చేయడానికి ఆసుపత్రి ఉంది. పనిని రుజువు చేయడానికి మాత్రం మనిషి జ్ఞాపకం ఉండాలి, అది అతనితో పాటే వెళ్లిపోతుంది.

మొదట ఉద్యోగాల చరిత్ర తయారుచేయండి. సోషల్ సెక్యూరిటీ శాఖకు ఎస్‌ఎస్‌ఏ-7050 ఫారం పంపి, రుసుము కడితే, ఏ యజమాని దగ్గర ఏ సంవత్సరంలో ఎంత సంపాదించారో పూర్తి వివరం ఇస్తారు. మనిషి చనిపోయి ఉంటే హక్కు ఉన్న కుటుంబ సభ్యులు కోరవచ్చు. సైన్యంలో పనిచేసినవారికి, సేవ ముగిసినప్పుడు ఇచ్చే డీడీ-214 ధ్రువపత్రం ఉంటుంది. సెయింట్ లూయిస్‌లోని రికార్డు కేంద్రంలో 1973లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆర్మీ, వైమానిక దళ పత్రాలు లక్షల్లో కాలిపోయినా, నావికాదళ పత్రాలు ఆ మంటలకు గురికాలేదు. యూనియన్ సభ్యులై ఉంటే ఏ కాంట్రాక్టరు దగ్గరికి ఏ రోజుల్లో పంపారో స్థానిక శాఖ పుస్తకాల్లో ఉండవచ్చు.

తర్వాత పని ప్రదేశం. చాలా ట్రస్టులు తమ కంపెనీ సరుకు వాడినట్టు ముందే ఒప్పుకున్న ప్రదేశాల జాబితాలను ప్రకటిస్తాయి. మీవారు ఆ కాలంలో ఆ చోట పనిచేసినట్టు రుజువైతే సరుకు పేరు గురించి కష్టపడనక్కరలేదు. జాబితాలో లేకపోతే, అట్టపెట్టె మీద చూసిన పేరు కావాలి. గొట్టాల ఇన్సులేషన్‌లో ‘కేలో’, ‘థర్మోబెస్టాస్’, ‘యునిబెస్టాస్’, ఉక్కు దూలాల మీద చల్లిన ‘మోనోకోట్’, గోడల పనిలో ‘గోల్డ్ బాండ్’ వంటి పేర్లు పాత పనివారికి ఇప్పటికీ గుర్తుంటాయి. ‘ఏ కంపెనీ?’ అని నేరుగా అడిగితే తెలియదంటారు. ‘పెట్టె ఏ రంగు? దాని మీద బొమ్మ ఉండేదా? దాన్ని ఎవరు మోసుకొచ్చేవారు? మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తినేవారు?’ అని అడిగితే ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఆ పేర్లను మీరు నోటికి అందించకండి. ఆయన నోట రావడమే సాక్ష్యం.

మూడోది తోటి పనివారు. ఒకే షిఫ్టులో పనిచేసిన మనిషి ఇచ్చే అఫిడవిట్‌కు చాలా విలువ ఉంది. అయితే రాసిచ్చిన మూసకాగితం మీద సంతకం పెట్టించే పద్ధతి ఎక్కడ కనిపించినా దూరంగా ఉండండి.

ఎంత డబ్బు వస్తుంది?

ట్రస్టును బట్టి, జబ్బును బట్టి మారుతుంది. ఒక లెక్క చూడండి. మాన్‌విల్ ట్రస్టు పట్టికలో మీసోథీలియోమా విలువ 3,50,000 డాలర్లు. చెల్లింపు శాతం 5.1గా ఉన్న రోజుల్లో దాని ప్రకారం చేతికి వచ్చేది 17,850 డాలర్లు. ఆ ట్రస్టు లాయరు ఫీజును 25 శాతానికి పరిమితం చేసింది కాబట్టి, కుటుంబానికి మిగిలేది 13,387 డాలర్ల పైచిలుకు. అదే పట్టికలో తీవ్ర ఆస్బెస్టోసిస్‌కు 95,000 డాలర్లు, అన్నిటికంటే కింది మెట్టుకు 600 డాలర్లు రాసి ఉన్నాయి. ఒక్క ట్రస్టు ఇచ్చేది చిన్న మొత్తమే. కానీ ఓడలో, రిఫైనరీలో పనిచేసినవారికి చాలా కంపెనీల సరుకులు తగిలి ఉంటాయి కాబట్టి, ఒకే మనిషి చాలా ట్రస్టుల్లో క్లెయిము వేయడం మామూలే. ‘లక్షల డాలర్లు ఖాయం’ అని టీవీ ప్రకటనలో చెప్పే మాటను పట్టించుకోకుండా, మీకు ఏయే ట్రస్టులు వర్తిస్తాయో, ఇప్పటి శాతం ఎంతో రాతపూర్వకంగా అడగండి.

ట్రస్టులో క్లెయిము వేసి, కోర్టులో దావా కూడా వేయవచ్చా?

దివాలా తీయని కంపెనీల మీద దావా వేయవచ్చు. అయితే రెండు చోట్లా చెప్పేది ఒకటే అయి ఉండాలి. గార్లాక్ అనే గాస్కెట్ల కంపెనీ దివాలా కేసులో 2014 జనవరిలో నార్త్ కరోలినా న్యాయమూర్తి జార్జ్ హాడ్జెస్ ఇచ్చిన ఉత్తర్వు ఈ విషయంలో మలుపు. వివరంగా విచారించిన 15 కేసుల్లోనూ, బాధితుల తరఫువారు ఇతర కంపెనీల సరుకు తగిలిన సంగతిని కోర్టులో దాచి, ట్రస్టుల దగ్గర చెప్పినట్టు ఆయన కనుగొన్నారు. 100 కోట్ల డాలర్లకు పైగా ఉందని వాదించిన బాధ్యతను 12.5 కోట్లకే లెక్కకట్టారు. ట్రస్టు క్లెయిముల వివరాలను ముందే బయటపెట్టాలని ఒహాయో 2012లోనే చట్టం చేసింది. మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. నిజంగా జబ్బుపడినవారి మాటను ఇప్పుడు అనుమానంగా చూస్తున్నారంటే ఆ దాపరికమే ఒక కారణం. మీ తరఫున ఏం దాఖలు చేస్తున్నారో ప్రతి కాగితం చదివాకే సంతకం చేయండి.

త్వరిత సమీక్ష, వ్యక్తిగత సమీక్ష అంటే ఏమిటి?

త్వరిత సమీక్షలో షరతులన్నీ సరిపోతే పట్టికలో రాసిన విలువే ఇస్తారు, బేరం ఉండదు. వ్యక్తిగత సమీక్షలో వయసు, ఆధారపడినవారి సంఖ్య, కోల్పోయిన ఆదాయం, పడిన బాధ చూసి విలువ కడతారు. అది పెరగవచ్చు, తగ్గవచ్చు, సమయం ఎక్కువ పడుతుంది. చిన్న పిల్లలున్న యువ బాధితులకు రెండోది మేలు. 80 ఏళ్ల మనిషికి సాధారణంగా మొదటిదే.

గడువు ఎంత?

చాలా ట్రస్టులు జబ్బు నిర్ధారణ లేదా మరణం జరిగిన నాటి నుంచి 3 ఏళ్లు ఇస్తాయి. కోర్టు దావాలకు రాష్ట్ర చట్టం వర్తిస్తుంది. టెక్సాస్‌లో 2 ఏళ్లు, న్యూయార్క్‌లో 3 ఏళ్లు, కాలిఫోర్నియాలో ఏడాది. పని మానిన నాటి నుంచి కాదు, జబ్బు తెలిసిన నాటి నుంచి లెక్క మొదలవుతుంది. మరణం తర్వాత గడువు వేరుగా లెక్కిస్తారు కాబట్టి, ఒకటి దాటిపోయిందని రెండోదాన్ని వదులుకోకండి.

ఆస్బెస్టోసిస్‌కు ఇప్పుడు డబ్బు తీసుకుంటే, రేపు క్యాన్సర్ వస్తే దారి మూసుకుపోతుందా?

చాలా ట్రస్టుల్లో మూసుకుపోదు. క్యాన్సర్ కాని జబ్బుకు పరిహారం తీసుకున్నవారు, తర్వాత క్యాన్సర్ బయటపడితే కొత్త క్లెయిము వేయవచ్చు. సంతకం చేసే విడుదల పత్రంలో (ఇక అడగమని రాసిచ్చే కాగితంలో) ఆ హక్కు మిగిలే ఉందో లేదో చూసుకోవాలి.

పన్ను పడుతుందా? మెడికేర్ వాటా అడుగుతుందా?

శారీరక జబ్బుకు ఇచ్చిన పరిహారం ఫెడరల్ పన్ను చట్టం 104(ఎ)(2) ప్రకారం ఆదాయంలోకి రాదు. దాని మీద వచ్చిన వడ్డీకి మాత్రం పన్ను ఉంటుంది. చికిత్సకు మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఖర్చుపెట్టి ఉంటే ఆ సొమ్ము తిరిగి కోరే హక్కు దానికి ఉంది. ఆస్బెస్టాస్‌తో సంపర్కం 1980 డిసెంబరు 5కు ముందే ముగిసిపోయి ఉంటే పరిస్థితి వేరు. ఆ తేదీని న్యాయవాది దృష్టికి తేవాలి.

ఇండియాలో ఆస్బెస్టాస్ మధ్య పనిచేసినవారు అమెరికా ట్రస్టులను అడగవచ్చా?

చాలా ట్రస్టుల నియమాల్లో ‘విదేశీ క్లెయిము’ అనే విభాగం ఉంది. సంపర్కం అమెరికా, కెనడాలకు బయట జరిగి ఉంటే దాన్ని వ్యక్తిగత సమీక్షలోనే చూస్తారు, ఆ దేశంలో బాధితుడికి ఉన్న హక్కులను లెక్కలోకి తీసుకుంటారు. కాని పీల్చిన పొడి ఆ ట్రస్టుకు మూలమైన కంపెనీ సరుకుదే అయి ఉండాలి. మన ఊళ్లలో ఇళ్ల మీద కనిపించే సిమెంటు రేకులు ఇక్కడి కంపెనీలవి కాబట్టి వాటికి ఆ దారి లేదు. ఒకప్పుడు కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తవ్విన క్రిసోటైల్ అనే తెల్ల ఆస్బెస్టాస్‌కూ అదే మాట.

ఇక్కడి దారి వేరు. 1995 జనవరిలో సుప్రీంకోర్టు, వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం వేసిన కేసులో, ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా పని మానాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం, భద్రపరచాలని, జబ్బు ధ్రువీకరణ అయిన కార్మికుడికి లక్ష రూపాయలు ఇవ్వాలని ఆదేశించింది. ఉద్యోగుల పరిహార చట్టం, 1923 మూడో షెడ్యూలులో ఆస్బెస్టోసిస్ వృత్తిజనిత వ్యాధిగా ఉండేది; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. ఈఎస్ఐ వర్తించే కార్మికులు ఆ మార్గంలో అడగాలి. ఫ్యాక్టరీ మూతపడినా రికార్డు అడిగే హక్కు పోదు.

నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నారు, ఇంకా మాట్లాడగలుగుతున్నారు. ఈ వారం మేం ఏం చేయాలి?

ఆయనకు ఓపిక ఉన్న పూట, రోజుకు అరగంటకు మించకుండా, ఆయన పని జీవితం గురించి ఫోన్‌లో రికార్డు చేయండి. మొదటి ఉద్యోగంతో మొదలుపెట్టి సంవత్సరాలవారీగా వెళ్లండి, అలసిపోతే ఆపేయండి. కోర్టుకు పనికొచ్చే వాంగ్మూలం కావాలంటే ప్రమాణం చేయించి, ఎదుటి పక్షానికి ప్రశ్నలు అడిగే అవకాశం ఇచ్చి తీసుకోవాలి కాబట్టి, లాయరును ఈ వారమే పిలవండి. పాత గుర్తింపు కార్డులు, యూనియన్ పుస్తకం, ఓడ ముందు నిలబడి తీయించుకున్న ఫొటోలు ఒక సంచీలో వేయండి. బయాప్సీ చేసిన ఆసుపత్రిలో పాథాలజీ విభాగానికి ఉత్తరం రాసి, కణజాలపు మైనపు దిమ్మెలను పారేయకుండా భద్రపరచమని కోరి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆయన పోయాక క్లెయిమును మీరే కొనసాగించాలంటే ఆస్తి ప్రతినిధిగా కోర్టు నియామకపత్రం కావాలి. ఎవరు ఆ బాధ్యత తీసుకోవాలని ఆయన కోరుకుంటున్నారో ఇప్పుడే ఆయన్ను అడిగి, వీలునామాలో ఆ పేరు రాయించండి.